గాలం, ఎర, మడుగు: చెయ్యేరు ఎగువ పరీవాహకంలో సజీవ ఎర వేట - చారిత్రక పరిశీలన

దక్షిణ భారతదేశంలో చేపల వేటకు సంబంధించిన చరిత్ర రచన ప్రధానంగా రెండు దారుల్లో సాగింది. ఒకటి కోస్తా మత్స్యకారుల సముద్ర వేట, రెండవది ఇరవయ్యవ శతాబ్దంలో రూపొందిన చేపల పెంపకం. ఈ రెండింటి నడుమ ఏరుల్లో, చెరువుల్లో గాలంతో చేపలు పట్టే వేటకు తగిన చోటు దక్కలేదు. దక్కిన కొద్దిపాటి చోటు కూడా ఆంగ్లేయ అధికారుల వినోద క్రీడా వర్ణనలకే పరిమితమయింది. ఫలితంగా ప్రాణమున్న ఎరను గాలానికి గుచ్చి పెద్ద చేపను పట్టే నేర్పు కంటోన్మెంట్ల ద్వారా మన ప్రాంతానికి వచ్చిన విద్య అన్న అభిప్రాయం ఏర్పడింది. కలికిరి, దాని చుట్టూ ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను ఆధారంగా చేసుకొని ఆ అభిప్రాయంలోని బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు ముందు ఒక చిక్కును ప్రస్తావించాలి. ఈ ప్రాంతపు పాలనా పత్రాలు ఒక్క చోట లేవు. కలికిరి ఉన్న వాయల్పాడు తాలూకా, మదనపల్లె తాలూకా 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీ పాలనలోకి వచ్చి, 1911 వరకు కడప జిల్లాలో ఉండేవి. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒక్క గూటికి చేరాయి. అందువల్ల పందొమ్మిదవ శతాబ్దపు కలికిరిని తెలుసుకోగోరేవారు 1875లో గ్రిబుల్ కూర్చిన కడప జిల్లా మాన్యువల్‌ను, అదే కాలపు కుప్పాన్ని తెలుసుకోగోరేవారు ఉత్తర ఆర్కాటు మాన్యువల్‌ను చూడవలసి ఉంటుంది. ఒకే నీటి సంస్కృతి రెండు దస్త్రాల మధ్య చీలిపోయింది.

నీరు, దాని నడక

కలికిరి ప్రాంతం చెయ్యేరు ఎగువ పరీవాహకంలోనిది. మదనపల్లె మీదుగా సాగే బాహుద, పించ ఏరు కలిసి చెయ్యేరు అవుతాయి. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. కుప్పం వైపు పాలారు నంది కొండల నుంచి దిగి తమిళ దేశానికి సాగిపోతుంది. వీటిలో ఏదీ ఏడాది పొడవునా పారేది కాదు. వానకాలంలో కొన్ని దినాలు ఉరవడిగా పారి, తరువాత ఇసుక పాయగా మిగిలి, బండల పక్కన, మలుపుల వద్ద మడుగులు మాత్రమే నిలుస్తాయి. మడుగులు కూడా ఇంకిపోయే వేసవిలో చేపకు, మనిషికి చెరువే దిక్కు.

ఈ నీటి స్వభావమే ఇక్కడి వేట పద్ధతులను నిర్ణయించింది. పోలిక కోసం ఉత్తర అమెరికాలోని మిస్సోరి నదిని తీసుకోవచ్చు. ఇరవయ్యవ శతాబ్దం నడుమ ఆ నదిపై డకోటా రాష్ట్రాల్లో కట్టిన భారీ జలాశయాల్లో వాలై అనే చేప కోసం ఒక ప్రత్యేక సాధనం వాడుకలోకి వచ్చింది. ఒక తీగను మూలమట్టంగా వంచి, పొడవైన కొసకు సీసపు గుండు పోస్తారు. పొట్టి కొసకు సన్నని దారం, దాని చివర గాలం, గాలానికి జలగనో వానపామునో చిన్న చేపనో గుచ్చుతారు. పడవ మెల్లగా నడుస్తుంటే, లేదా నీటి వాలుకు, గాలి తోపుకు జారుతుంటే తీగ కొస అడుగున ఉన్న రాళ్లను తాకుతూ ఎగిరెగిరి పడుతుంది. ఎర మాత్రం నేలకు జానెడు ఎత్తున తేలుతూ వెంట వస్తుంది. సీసం రాళ్ల సందున చిక్కుకోకుండా, ఎర బురదలో కూరుకోకుండా చూడడమే ఇందులోని కిటుకు.

ఈ పద్ధతికి మూడు వసతులు కావాలి: లోతు, విశాలమైన నీటి పరపు, జారే పడవ. తెలుగు నేలలో ఈ మూడూ ఉన్న చోట్లు తుంగభద్ర, కృష్ణ. తుంగభద్ర మీద తోలు కప్పిన గుండ్రని బుట్ట పడవలను పదహారవ శతాబ్దపు తొలి భాగంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణించాడు. తెలుగువారు పుట్టి, అరిగోలు అని పిలిచే ఈ పడవ, చుక్కాని లేకుండా ప్రవాహం వెంట తిరుగుతూ జారేది. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు నిండిన తరువాత ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకారులు ఆ విశాల జలాల్లో పుట్టి మీదనే జీవనం సాగించారు. చెయ్యేరు ఎగువన పడవ నడిపేటంత నీరు నిలిచే రోజులు స్వల్పం. నిలిచిన రోజుల్లో ఉరవడి పడవను ఆగనీయదు. కనుక కలికిరి వేటగాడు కదలకుండా గట్టున కూర్చొని ఎరను కదిలించే మార్గాన్ని వెతుక్కోవలసి వచ్చింది. పడవ కదిలితే ఎర కదలడం ఒక పద్ధతి. ఎర తనంతట తానే కదలడం మరొక పద్ధతి. సజీవ ఎరకు ఈ ప్రాంతంలో ఉన్న ప్రాధాన్యానికి మూలం ఇక్కడ ఉన్నది.

కప్ప, కొర్రమీను

ఈ రెండవ పద్ధతికి అసలు కారణం కొర్రమీను. నీటిలోని ప్రాణవాయువుతో సరిపెట్టుకోలేక పైకి వచ్చి గాలి పీల్చే చేప ఇది. అందువల్లనే నీరు తగ్గి, వేడెక్కి, తక్కిన చేపలు చచ్చే చెరువులో కూడా బతుకుతుంది. బురదలో దాగి వాన కోసం ఎదురుచూస్తుంది. కరవు నేలకు తగిన చేప. అయితే ఇది పొంచి ఉండి దూకే జీవి. తవుడు ముద్దను, పిండి ముద్దను పట్టించుకోదు. కదలనిది దాని దృష్టిలో ఆహారం కాదు. కప్పపిల్లను వీపు చర్మం దగ్గరో తొడ దగ్గరో చావకుండా గాలానికి గుచ్చి, పొడవైన వెదురు కర్రతో తామరాకుల నడుమ, తూటి పొదల అంచున నీటి మీద తడుపుతూ లేపుతూ ఉంటే అది దాడి చేస్తుంది. బెండు, సీసం రెండూ అక్కరలేదు. మడుగు అడుగున తిరిగే వాలుగకు మాత్రం పద్ధతి వేరు. దానికి దారానికి రాయో సీసమో కట్టి, బతికిన పరిగెనో జెల్లనో అడుగుకు దింపి, రాత్రంతా వదలిపెట్టాలి. మిస్సోరిలో సీసపు గుండు చేసే పని ఇక్కడ గులకరాయి చేసింది. జారే పడవ చేసే పని ఎర తోక చేసింది.

కొర్రమీను వేటలో ఒక కఠినమైన అంశం ఉన్నది. గుడ్లు పొదిగిన తరువాత తల్లిదండ్రులు ఎర్రని పిల్లల గుంపును కావలి కాస్తాయి. ఆ సమయంలో ఎదుటికి వచ్చిన ప్రతి కప్పనూ ఆకలి లేకున్నా తరిమి కొరుకుతాయి. నేర్పరికి ఇంతకంటె సులువైన అదను లేదు. తల్లి చేప ఒడ్డుకు చేరిన మరుక్షణం పిల్లలు పరుల పాలవుతాయి. సజీవ ఎర వేట అమాయకమైన వినోదమని గానీ, వలకంటె నీటికి తక్కువ చేటు చేసేదని గానీ చెప్పేవారు ఈ సంగతిని సాధారణంగా విడిచిపెడతారు.

మాటల్లో మిగిలిన చరిత్ర

లిఖిత పత్రాలు మౌనం వహించిన చోట పదాలు సాక్ష్యం చెబుతాయి. తెలుగులో 'గాలము', కన్నడంలో 'గాళ' ఒకే మాట. తమిళం మాత్రం 'తూండిల్' అంటుంది. కదిలించు, రేపు అనే అర్థం గల ధాతువుతో దానికి సంబంధం ఉన్నది. మూడు భాషలూ కలిసే కుప్పం, పుంగనూరు సీమలో ఒకే వస్తువును ఒక భాష దాని ఉనికితో, మరొక భాష దాని పనితో పిలవడం గమనార్హం.

'ఎర' అనే మాట ఇంకా విలువైనది. తమిళంలో 'ఇరై', కన్నడంలో 'ఎరె', తెలుగులో 'ఎర': పక్షికి, పాముకు, మృగానికి ఆహారమైనది అని మొదటి అర్థం, గాలానికి గుచ్చేది అని రెండవ అర్థం. కన్నడంలో వానపామును 'ఎరెహుళు' అంటారు, అంటే ఎర పురుగు. కొన్ని తెలుగు ప్రాంతాల్లో వానపామును 'ఎర్ర' అనడాన్ని కూడా దీనితో పోల్చి చూడవచ్చు. ఒక ప్రాణి పేరే దాని వాడుకను బట్టి ఏర్పడిందంటే, ఆ వాడుక నిన్న మొన్న వచ్చినది కాదని స్పష్టం. ఎర అన్న మాటలో చచ్చిన ముద్ద అనే భావం కంటె బతికిన ఆహారం అనే భావమే బలంగా ఉండడం కూడా ఈ వాదానికి అనుకూలం. దొరలు రాకముందు తెలుగువారికి సజీవ ఎర తెలియదనడానికి భాష ఒప్పుకోదు.

గ్రంథ సాక్ష్యం

సంస్కృతంలో గాలానికి 'బడిశం' అని పేరు. సుశ్రుతుని శస్త్రాల జాబితాలో ఇదే పేరుతో ఒక వంపు సాధనం ఉన్నది. వైద్యుడు చేపల వేటగాని నుంచి ఆకారాన్ని, పేరును అరువు తెచ్చుకొన్నాడని భావించడం అసంగతం కాదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు గురువులైన వారిని చెబుతూ గాలానికి చిక్కిన చేపను కూడా పేర్కొన్నాడు. జిహ్వను జయించనివాని గతికి అది ఉదాహరణ. ఇటువంటి దృష్టాంతం శ్రోతలకు గాలపు వేట నిత్య పరిచితమైనప్పుడే పనిచేస్తుంది.

వీటన్నింటికంటె సూటియైన ఆధారం కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసం', లేదా 'అభిలషితార్థచింతామణి'. రచనా కాలం సుమారు 1129. ఆ కాలాన తెలుగు నేలలో గణనీయమైన భాగం ఈ వంశపు ప్రాబల్యంలో ఉండేదని గుర్తుంచుకోవాలి. రాజు వినోదాల్లో భాగంగా ఇందులో మత్స్యవినోదం అనే ప్రకరణం ఉన్నది. సుమారు 35 రకాల చేపలను సముద్రపువి, నదులవి అని, పొలుసు గలవి, లేనివి అని, పరిమాణాన్ని బట్టి విభజించి, ఏ చేపకు ఏ మేత ఇష్టమో చెప్పడం దీని ప్రత్యేకత. పిండి ముద్దలు తినే చేపలు వేరు, మాంసం కోరే చేపలు వేరు. చేపలు వేళకు వచ్చేలా ఒకే చోట మేత వేసి మరిగించి, ఆపైన గాలం వేయాలని గ్రంథకర్త బోధించాడు. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణాన్ని విశ్లేషించి ఆధునిక పరిశోధకుల దృష్టికి తెచ్చారు.

అయితే మానసోల్లాసాన్ని అతిగా నమ్మడం కూడా పొరపాటే. అది రాజు చూసిన వేట; మేత మోసినవారు, ఎర పట్టినవారు, ఏ మడుగులో ఏ చేప ఉన్నదో రాజుకు చెప్పినవారు ఆ పుటల్లో కనిపించరు. రాజుకు తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం వారికి ముందే తెలిసి ఉండాలి. ఏడు వందల ఏళ్ల తరువాత ఆంగ్లేయుల పుస్తకాల్లో ఇదే అన్యాయం మరో రూపంలో కనిపిస్తుంది.

దొరల పుస్తకాలు

నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ 1849లో దక్షిణ భారత మంచినీటి చేపలపై వ్యాసం ప్రకటించాడు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1873లో భారత, బర్మా మంచినీటి మత్స్య వనరులపై నివేదిక సమర్పించాడు. కలెక్టర్ల నుంచి, తహసీల్దార్ల నుంచి తెప్పించిన సమాధానాలు అందులో చేరాయి. డే ఆందోళన ప్రధానంగా సన్నకన్ను వలల గురించి, కాలువలకు అడ్డంగా పెట్టే తడకల గురించి, మావుల గురించి. గాలం అతని కంటికి ముప్పుగా కనిపించలేదు.

గాలాన్ని ప్రధాన విషయంగా తీసుకొన్నవాడు మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్. 'ది రాడ్ ఇన్ ఇండియా' 1873లో, 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' 1887లో వెలువడ్డాయి. చెరువు చేపల కోసం ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాయడం దక్షిణాది నీటి స్వభావాన్ని అతడు గ్రహించాడనడానికి నిదర్శనం. కొర్రమీనుకు బతికిన కప్పను ఎర చేయడం అతనికి తెలుసు. మన వాలుగ అతనికి మంచినీటి సొరచేప. ఆంగ్ల పాఠకునికి ఇది కొత్త కాదు. 1653లో ఐజాక్ వాల్టన్ తన ప్రసిద్ధ గ్రంథంలో పైక్ అనే చేప కోసం కప్పను గాలానికి కట్టే విధానాన్ని విపులంగా చెప్పాడు. ఈ సామ్యం నుంచే కప్ప ఎర ఇంగ్లండు నుంచి వచ్చిందన్న భ్రమ పుట్టి ఉండవచ్చు. వాస్తవానికి పైక్, కొర్రమీను రెండూ పొదల చాటున పొంచి దూకే చేపలు. రెండు నీళ్లలోనూ కప్పలున్నాయి. ఒకే సమస్యకు ఇద్దరు వేటగాళ్లు వేర్వేరుగా ఒకే పరిష్కారాన్ని కనుగొన్నారు. దొరలు తెచ్చినవి వేరు: కర్మాగారంలో చేసిన ఉక్కు గాలాలు, దారం చుట్టే రీలు, లోహపు తళుకు ఎరలు. ఊరి కమ్మరి వంచిన గాలం, జనుము నారతో పేనిన దారం క్రమంగా తప్పుకొన్నాయి. నైలాన్ దారం వచ్చాక పూర్తిగా మాయమయ్యాయి.

ఎవరి చెరువు, ఎవరి చేప

కౌటిల్యుని అర్థశాస్త్రం కట్టలతో నిలిపిన నీటిలోని చేపలపై స్వామ్యం రాజుదని చెబుతుంది. మధ్యయుగ తమిళ శాసనాల్లో 'పాసిపాట్టం' పేరుతో చెరువు చేపలపై పన్ను కనిపిస్తుంది; చెరువు పూడిక తీతకు ఆ ఆదాయాన్ని కేటాయించిన సందర్భాలున్నాయి. రాయలసీమలో చెరువు కట్టినవారికి, బాగు చేసేవారికి దశబంధ మాన్యాలు ఇచ్చే ఆచారం ఉండేది. కడప సీమలోని 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను వివరిస్తుంది. ఆ పన్నెండింటిలో చేప లేదు. చెరువు వ్యవసాయం కోసమే. చేప దాని వెంట వచ్చిన ఫలం. ఫలం కనుకనే దానిపై హక్కు ఎప్పుడూ వివాదమే.

ఈ సందర్భంలో చెయ్యేరు పేరు వెనుక చెప్పుకొనే కథ ఆసక్తికరం. శంఖలిఖితులు అన్నదమ్ములు. అన్న తోటలో అడగకుండా పండు కోసి తిన్నందుకు లిఖితుడు రాజు చేత చేతులు నరికించుకొన్నాడు. బాహుదలో మునగగా చేతులు తిరిగి వచ్చాయి. భారతం శాంతిపర్వంలోని ఈ కథను స్థానికులు తమ ఏటికి అన్వయించుకొన్నారు. అడగకుండా తీసుకోవడం, అది సొంత అన్న తోటలోనైనా దొంగతనమే అన్న నీతి పేరులోనే ఉన్న ఏటి ఒడ్డున, గాలం వేసేవాడు ఎవరిని అడగాలి అన్న ప్రశ్నకు ఏ కాలంలోనూ తేటతెల్లమైన జవాబు లేదు.

1897 నాటి భారత మత్స్య చట్టం మందుగుండుతో, విషంతో చేపలు చంపడాన్ని నేరం చేసింది. నేలకు పాతిన ఉచ్చులను, వల కన్నులను నియంత్రించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. చేతి గాలం దాని గురి కాదు. చట్టం వదిలిపెట్టిన గాలాన్ని వేలం పట్టుకొన్నది. చేపల పాటలో చెరువును దక్కించుకొన్నవాడికి వల వేసి ఒక్కసారి నీటిని ఊడ్చే స్తోమత ఉంటుంది. బెస్తలు వలకు, పల్లకీ మోతకు ప్రసిద్ధులని 1909లో థర్‌స్టన్ నమోదు చేశాడు. మత్స్యకార సహకార సంఘాలకు ప్రాధాన్యం వచ్చిన తరువాత వారికి పాటలో కొంత ఆధారం దొరికింది. గాలం మాత్రం ఏ కులపు వృత్తిగానూ, ఏ సంఘపు హక్కుగానూ నమోదు కాలేదు. గొర్రెల కాపరి, కూలి, బడి ఎగ్గొట్టిన కుర్రవాడు, చేతిలో చిల్లిగవ్వ లేని ఎవరైనా వేయగలిగిన సాధనం అది. అందరిదీ కావడం వల్ల ఎవరిదీ కాకుండా పోయింది. పాటదారుడి కావలివాడు మొదట విరిచేది గాలపు కర్రనే.

శత్రువుగా మారిన చేప

1911లో కర్నూలు ప్రాంతంలోని సుంకేసుల వద్ద మద్రాసు మత్స్యశాఖ మంచినీటి చేపల క్షేత్రాన్ని నెలకొల్పడంతో చెరువులో చేప దొరకడం కాక, చేపను పెట్టడం మొదలయింది. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి గంగ జాతి చేపలకు పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి గుడ్లు పెట్టించడంలో సఫలులయ్యారు. ఆ తరువాత బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు కావలసినన్ని దొరకసాగాయి. ఇవి మేత మేసే చేపలు. పిండి ముద్ద చాలు. వీటిని పెంచే చెరువులో కొర్రమీను, వాలుగ పిల్లలను తినే శత్రువులు. పిల్లలను వదిలేముందు ఇప్ప పిండి చల్లి ఆ శత్రువులను ఏరివేయాలని శాస్త్రజ్ఞులు సలహా ఇచ్చారు. సజీవ ఎర వేటకు అసలు లక్ష్యమైన చేపనే చెరువు నుంచి తొలగించడం అభివృద్ధిలో భాగమయింది.

ఎర వైపు కూడా మార్పు వచ్చింది. విదేశాలకు కప్ప కాళ్ల ఎగుమతి పొలాల్లో కప్పలను తగ్గించి పురుగులను పెంచిందన్న ఆందోళన ఫలితంగా 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కేవలం వినోదం కోసం ఒక ప్రాణిని మరొక ప్రాణికి ఎరగా కట్టడాన్ని శిక్షార్హం చేసింది. పులికి కట్టిన మేకను మనసులో ఉంచుకొని రాసిన ఆ నిబంధన గాలానికి గుచ్చిన కప్పకు వర్తిస్తుందా అన్నది లోతుగా చర్చించదగిన విషయం. పొట్టకూటి వేటకు, సెలవునాటి వేటకు మధ్య గీత ఎక్కడ గీయాలో తేలితే తప్ప ఆ చర్చ ముందుకు సాగదు.

2021 నవంబరు 19న పించ జలాశయపు కట్ట, దాని దిగువన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ముంచినప్పుడు ఏటి గర్భం రూపమే మారిపోయింది. అంతటి వరదలో పాత మడుగులు పూడడం, కొత్త మడుగులు తెగడం సహజం. ఏ బండ పక్కన వాలుగ ఉంటుందన్న తరాల ఎరుక ఇటువంటి చోట మళ్లీ మొదటి నుంచి కూడగట్టుకోవలసినదే.

కొర్రమీను మాత్రం మరో దారిలో తిరిగి వచ్చింది. తెలంగాణ దానిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. సంతలో దాని ధర బొచ్చె, శీలావతుల ధరను మించింది. ఒకప్పుడు ఇప్ప పిండితో చంపమన్న చేపనే ఇప్పుడు ప్రత్యేకంగా గుంటలు తవ్వి పెంచుతున్నారు. అందులో పెంపకందారులకు ఎదురయ్యే మొదటి కష్టం, కదలని మేతను దాని చేత తినిపించడం. తొలి రోజుల్లో బతికిన సూక్ష్మజీవులను పెట్టి, క్రమంగా వాటికి పొడి మేతను కలుపుతూ, చివరకు గుళికలకు అలవాటు చేస్తారు. అలవాటు పడనివి తోటి పిల్లలను తిని బతుకుతాయి.